అమ్మకు ముప్పై రోజులే సెలవు: కాన్పుకు పిలవాలా, బాలింత రోజులకు పిలవాలా? మిగతా రోజులకు డౌలా తోడు సరిపోతుందా?

లంక అమ్మాయి

సభ్యులందరికీ నమస్కారం. నాకిప్పుడు ఏడో నెల నడుస్తోంది, ఇది తొలి కాన్పు. మాది పి.గన్నవరం మండలంలో గోదావరి పాయకు అవతల ఉన్న లంక ఊరు. ఆగస్టు రెండో వారంలో కాన్పు కావచ్చని డాక్టరు గారు తేదీ వేశారు. మా అమ్మ తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. వాళ్ళు ఈ ఏడాది ఆమెకు ముప్పై రోజుల సెలవు మాత్రమే ఇస్తామన్నారు. కాన్పుకు ముందే వచ్చి నొప్పుల నాడు నా పక్కన ఉండాలని ఆమె కోరిక. అలా వస్తే నేను ఇంకా పచ్చి బాలింతగా ఉన్నప్పుడే ఆమె తిరిగి విమానం ఎక్కవలసి వస్తుంది. ఇంట్లో మా పెద్దమ్మ ఉంది కానీ, తన పిల్లలిద్దరినీ ఇంట్లోనే కన్నది కాబట్టి ఆసుపత్రి కాన్పు గది ఎలా ఉంటుందో ఆమె ఎరగదు.

మా వారు హైదరాబాదులో ఉద్యోగం చేస్తారు. ఆయన తోటి ఉద్యోగి ఇంట్లో కాన్పుకు డౌలాను పెట్టుకున్నారట. మనమూ ఒకరిని చూద్దామంటున్నారు. డౌలా అంటే ఎవరో, ఆమె ఏం చేస్తుందో, అమ్మ లేని రోజుల్లో ఆ లోటు ఎంతవరకు తీరుతుందో తెలిసినవారు దయచేసి చెప్పండి. అసలు అమ్మను ఏ రోజులకు రమ్మనమంటారు?

గౌతమి తీరం

చెల్లీ, నేను రాజమహేంద్రవరంలో ఉంటూ ఆరేళ్ళుగా డౌలాగా పని చేస్తున్నాను కాబట్టి మొదటి ప్రశ్నకు నేనే జవాబు చెబుతాను. డౌలా అన్నది గ్రీకు మాట, దానికి సేవకురాలు అని అర్థం. పిల్లలను కన్న తల్లికి తోడుండి చూసుకునే స్త్రీ అన్న అర్థంలో 1973లో డానా రఫేల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తల్లిపాల గురించి రాసిన పుస్తకంలో ఈ మాటను వాడారు. అప్పటినుంచి ఇది వ్యాప్తిలోకి వచ్చింది.

మేము ఏం చేయమో ముందుగా చెప్పడం మంచిదనుకుంటాను, ఎందుకంటే చాలామంది మమ్మల్ని కొత్త పేరు పెట్టుకున్న మంత్రసానులనుకుంటారు. మంత్రసాని పురుడు పోస్తుంది. డౌలా పురుడు పోయదు. లోపలి పరీక్ష చేయడం, రక్తపోటు చూడటం, బిడ్డ గుండె చప్పుడు వినడం, మందులు ఇవ్వడం, ఏ మందు వద్దో చెప్పడం, ఇవేవీ మా పనులు కావు. అవి డాక్టరు గారివి, సిస్టర్లవి. కాన్పుకు ముందు రెండు మూడుసార్లు ఇంటికి వెళ్ళి, ఆ అమ్మాయికి దేనికి భయమో, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఆసుపత్రి ఎంత దూరమో తెలుసుకుంటాము. నొప్పులు మొదలైనప్పుడు వెళ్ళి, బిడ్డ పుట్టి మొదటిసారి పాలు తాగేదాకా కదలకుండా అక్కడే ఉంటాము. ఆ తర్వాత కొన్ని రోజులు ఇంటికి వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి వస్తాము.

కదలకుండా ఉండటమే పనా అని మీకనిపించవచ్చు. నొప్పి వచ్చిన ప్రతిసారీ నడుము కింద, పిరుదులకు పైన ఉండే చదునైన ఎముక మీద అరచేతి మడమతో గట్టిగా అదిమి పట్టి, నొప్పి దిగిపోయాక వదలాలి. నాలుగు నిమిషాలకొకసారి వచ్చే నొప్పికి ఇలా ఆరేడు గంటలు పట్టడమంటే సుమారు వందసార్లు. ఒక్కసారి ఆలస్యమైనా ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి చాచి వెతుక్కుంటుంది. గంటకో రెండు గంటలకో ఒకసారి ఆమెను లేపి మూత్రానికి పంపాలి, ఎందుకంటే మూత్రసంచి నిండుగా ఉంటే బిడ్డ తల కిందికి దిగడానికి అడ్డవుతుంది. నొప్పుల్లో ఉన్న మనిషికి ఆ సంగతి గుర్తుండదు. డాక్టరు గారు అనుమతిస్తే గుక్కెడు గుక్కెడుగా కొబ్బరినీళ్ళు పట్టించాలి, వెల్లకిలా పడుకోనీయకుండా నిలబెట్టి నాలుగడుగులు నడిపించాలి. భయపడ్డ ఒంట్లో నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోను సరిగా పని చేయదు. పక్కన నమ్మకమైన మనిషి ఉంటే ఆ భయం తగ్గుతుంది. మీ అమ్మగారి సెలవు సంగతి తర్వాత రాస్తాను. ముందు మిగతావారి మాట వినండి.

తణుకు సిస్టర్

నేను స్టాఫ్ నర్సుగా పని చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ప్రసవ గదిలోనే గడిచింది. గౌతమి తీరం గారు చెప్పిన పనులు చేయాలని మాకూ ఉంటుంది, కానీ ఒక్క సిస్టరు చేతి కింద నలుగురైదుగురు నొప్పులతో ఉన్నప్పుడు ఒకరి నడుము పట్టుకుని నిలబడటం కుదరదు. ఒకరికి సెలైన్ మార్చి, ఒకరికి గుండె చప్పుడు విని, ఇంకొకరిని బల్ల ఎక్కించి, రిజిస్టరు రాసుకునేసరికి గంట గడిచిపోతుంది. మేము కసురుకున్నామని ఎందరో బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే, దానికి పని ఒత్తిడిని సాకుగా చెప్పను.

కాన్పు గదిలోకి ఎవరినీ రానివ్వరని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు కాబట్టి ఒక విషయం తెలియజేస్తాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నొప్పులు పడే స్త్రీకి తోడుగా ఒక మనిషిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మనిషి వీలైనంతవరకు కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలి, అంటురోగాలు లేకుండా శుభ్రమైన బట్టలు కట్టుకుని ఉండాలి, మొదటినుంచి చివరిదాకా ఉండాలి, సిబ్బంది పనిలో జోక్యం చేసుకోకూడదు, పక్క మంచం వారి జోలికి వెళ్ళకూడదు. ఇతర తల్లుల మరుగుకు ఇబ్బంది లేని చోట భర్తనూ రానివ్వవచ్చు. ప్రభుత్వ ప్రసవ గదుల నాణ్యత పెంచడానికి 2017లో వచ్చిన లక్ష్య కార్యక్రమంలోనూ ఇది ఉంది. అయితే రానిచ్చేది ఒక్కరినే. అంటే మీరు డౌలాను తీసుకువెళితే మీ పెద్దమ్మ బయట కూర్చోవాలి. అందుకని నా సలహా ఏమిటంటే, కన్నతల్లి ఉండగా ఆ ఒక్క చోటు వేరెవరికీ ఇవ్వవద్దు; అమ్మను కాన్పుకే పిలవండి. ముప్పై ఏళ్ళు చూశాను, నొప్పుల్లో ఎవరూ డాక్టరునూ భర్తనూ పిలవరు, అమ్మా అనే అంటారు.

కాలువ వీధి మాస్టారు

అమ్మా, ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. నాకు ఒక ఆందోళన ఉంది. ఒకప్పుడు చుట్టరికంగానూ ఇరుగుపొరుగు బాధ్యతగానూ జరిగిన పనిని ఇప్పుడు రుసుము కట్టి కొనుక్కోవలసి రావడం మన ఊళ్ళ పరిస్థితిని చెబుతోంది. అది అలా ఉంచితే, ఈ వృత్తికి మన దేశంలో ప్రభుత్వ నమోదు లేదు. 2023 నాటి జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం నర్సులకూ మిడ్‌వైఫులకూ వర్తిస్తుంది కానీ డౌలాలకు కాదు. నాలుగు రోజుల శిక్షణ పొందిన మనిషీ, ఇరవై కాన్పులు చూసిన మనిషీ ఒకే పేరుతో ఇంటికి వస్తే సామాన్యుడు ఎలా పోల్చుకోవాలి? గౌతమి తీరం గారిని ఉద్దేశించి అనడం లేదు, తెలియక అడుగుతున్నాను.

గౌతమి తీరం

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఎన్ని కాన్పులకు తోడుగా వెళ్ళారో అడగండి, వారు తోడున్న తల్లులతో ఫోనులో మాట్లాడించమనండి. నొప్పులొచ్చిన రోజున ఆమెకే జ్వరం వస్తే బదులు ఎవరు వస్తారో ముందే తేల్చుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపరేషన్ కానివ్వకుండా చూస్తానని ఎవరైనా మాట ఇచ్చినా, డాక్టరు గారి మాట వినవద్దని చెప్పినా, వారిని అక్కడికక్కడే వద్దనండి. ఆ మాట ఇచ్చే అధికారం ఈ వృత్తిలో ఎవరికీ లేదు.

భీమవరం ప్రసూతి వైద్యురాలు

లంక అమ్మాయి గారికి, మిగతా సభ్యులకు నమస్కారం. డౌలాల విషయంలో మా వైద్యుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. నేను మొదట్లో అంగీకరించలేదు, తర్వాత మారాను. ఎందుకు మారానో, ఎంతవరకు మారానో చెబుతాను.

కాన్పు సమయంలో ఎడతెగని తోడు మీద వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వారు 2017లో 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను, మొత్తం 15,858 మంది స్త్రీల వివరాలను కలిపి పరిశీలించారు. తోడు ఉన్నవారిలో మామూలు కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్ అవకాశం సుమారు నాలుగో వంతు తగ్గింది, నొప్పులు సగటున నలభై నిమిషాలు ముందుగా ముగిశాయి, కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగిలినవారి సంఖ్యా తగ్గింది. కీడు జరిగిన దాఖలా కనిపించలేదు. అయితే ఈ ఆధారాల నాణ్యత తక్కువేనని ఆ సమీక్షే ఒప్పుకుంది, ఎందుకంటే పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ ఎవరికీ తెలియకుండా పరీక్ష జరపడం సాధ్యం కాదు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సంరక్షణ మీద ఇచ్చిన 56 సిఫారసుల్లో, స్త్రీ కోరుకున్న తోడు ఉండాలన్నదాన్ని చేర్చింది.

మన రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 42.4 కాన్పులు పెద్దాపరేషన్లే. దేశం మొత్తానికి అది 21.5. ఒక జనాభాలో సిజేరియన్లు నూటికి పది దాటాక, ఆ పెరుగుదల వల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఈ తప్పులో మా వంతు ఉంది. ముహూర్తం రాయించుకుని తెచ్చి, ఫలానా గంటకే బిడ్డను తీయమని అడిగే కుటుంబాల వంతూ ఉంది. నొప్పులు భరించలేక ఆపరేషన్ చేసేయమని బతిమాలే అమ్మాయిలు ఇంకా ఎక్కువ. ఈ చివరివారికే తోడు బాగా పనికొస్తుందని నా అనుభవం. పక్కన ఒక మనిషి ఉండి, బిడ్డ బాగానే ఉందని డాక్టరు గారు చెప్పారు కదా, ఇంకో నాలుగు నొప్పులు చూద్దామంటే, ఆ నాలుగూ నలభై అవుతాయి, కాన్పు అవుతుంది. బిడ్డ గుండె చప్పుడు పడిపోయినప్పుడు, మాయ అడ్డంగా ఉన్నప్పుడు ఏ తోడూ ఆపరేషన్‌ను తప్పించలేదు, తప్పించకూడదు.

ఇక సెలవు సంగతి. సిస్టర్ గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మేము వేసే తేదీ నాడే పుట్టే పిల్లలు నూటికి ఐదుగురికి మించరు. 37 వారాలు నిండినప్పటినుంచి ఎప్పుడైనా కాన్పు కావచ్చు, 41 వారాలు దాటనూవచ్చు. మీ అమ్మగారు తేదీకి పది రోజుల ముందు వచ్చి, కాన్పు తేదీ దాటి వారానికి జరిగితే, సెలవులో సగానికి పైగా ఎదురుచూపులోనే పోతుంది. బిడ్డ పుట్టిన కబురు అందాక బయల్దేరితే ముప్పై రోజులూ మీకు దక్కుతాయి.

పాలకొల్లు పెద్దమ్మ

తల్లీ, మా అత్తగారు మంత్రసాని. కాలువ గట్టు వెంట లాంతరు పట్టుకుని అర్ధరాత్రి వెళ్ళేవారు. వెళ్ళిన ఇంట్లో నడుముకు ఆముదం రాసి, వేన్నీళ్ళు కాగబెట్టించి, బిడ్డ పడ్డాక కూడా వెంటనే వచ్చేసేవారు కాదు. బాలింత లేచి కూర్చుని వేడిగా ఏదైనా తాగి, బిడ్డ రొమ్ము పట్టింది అని కళ్ళారా చూశాకే ఇంటికొచ్చేవారు. పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా రోజూ వెళ్ళి నీళ్ళు పోసి, నడికట్టు బిగించి, సాంబ్రాణి పొగ వేసి వచ్చేవారు. మీరందరూ డౌలా అంటున్న మనిషిలో సగం నాకు మా అత్తగారే కనిపిస్తున్నారు.

అయినా ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. మాయ పడక, రక్తం ఆగక, బండి కట్టి పట్నం చేరేలోపు దారిలోనే పోయిన ఇద్దరు తల్లుల పేర్లు మా అత్తగారు చనిపోయేదాకా తలచుకుని ఏడ్చారు. ఆవిడ చేతిలో ఉన్నది ధైర్యం, ఓపిక. రక్తం ఆపే మందు లేదు. ఆసుపత్రి కాన్పులు వచ్చాక ఆ మందు దొరికింది, కానీ ఆ ఓపిక గుమ్మం బయటే ఆగిపోయింది. మా అమ్మాయి కాన్పుకు ఒక ఆసుపత్రిలో తలుపు వేసేస్తే ఏడు గంటలు బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల దాని గొంతు వినపడుతోంది. నీళ్ళు అడుగుతోందని నాకు అర్థమవుతోంది, వెళ్ళి ఇవ్వడానికి లేదు. ఆ ఏడు గంటలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

మా పద్ధతుల్లో తప్పులూ ఉన్నాయి, దాచుకోవడం ఎందుకు. పొట్ట జారుతుందని బాలింతకు నీళ్ళు సరిగా ఇచ్చేవాళ్ళం కాదు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకించేవాళ్ళం. అవి తప్పని తర్వాత తెలిసింది. తెలగపిండి మునగాకు కూర, వెల్లుల్లి కారం, మిరియాల చారు, దొరికితే పాలసొర పిట్టు పెట్టడం మాత్రం మానవద్దు. బాలింతకు రుచిగా వేళకు అన్నం పెట్టే చెయ్యి ఉండాలి. అందుకని అమ్మను తర్వాతే రమ్మను.

డాలస్ కోడలు

మాది రాజోలు దగ్గర పల్లె. పెళ్ళయి టెక్సాస్ వచ్చాను. నా రెండు కాన్పులకూ డౌలా ఉన్నారు. మా రాష్ట్రంలోనే హ్యూస్టన్ నగరంలో జరిపిన ఒక అధ్యయనాన్ని ఆవిడ నాకు చెప్పారు, 1991లో ప్రచురితమైంది. డౌలా తోడున్న స్త్రీలలో నూటికి 8 మందికి సిజేరియన్ కాగా, ఎవరి తోడూ లేనివారిలో 18 మందికి అయింది. మూడో గుంపు ఒకటి ఉంది. వారి గదిలో ఒక స్త్రీ మూల కూర్చుని, మాట్లాడకుండా, ముట్టుకోకుండా, జరిగేదంతా రాసుకుంటూ ఉంది, అంతే. వారిలో 13 మందికే అయింది. ఊరికే ఒక ఆడమనిషి గదిలో ఉన్నందుకే అంత తేడా వచ్చిందంటే, ఆ సంగతి నా మనసులో నిలిచిపోయింది. ఆ డౌలాలు కూడా తల్లులకు ముందు పరిచయం లేనివారే.

నా అనుభవంలో మాత్రం నొప్పుల నాటికంటే బాలింత రోజుల్లోనే డౌలా విలువ తెలిసింది. మొదటి కాన్పుకు మా అమ్మ ముందే వచ్చింది. వీసా మీద ఆరు నెలలు ఉండగలిగింది కాబట్టి మాకు మీలా ఎంచుకోవలసిన అవసరం రాలేదు. కానీ అమ్మ ఒక్కతే వంట, బిడ్డ స్నానం, నా పథ్యం, రాత్రి కాపలా అన్నీ నెత్తిన వేసుకుని మూడో వారానికి జ్వరంతో పడిపోయింది. బాలింతను చూసుకునే అమ్మను ఎవరు చూసుకుంటారన్నది ఇళ్ళలో ఎవరూ ఆలోచించరు. రెండో కాన్పుకు డౌలా వారానికి మూడు రాత్రులు వచ్చి, బిడ్డను నా దగ్గరకు పాలకు మాత్రం తెచ్చి, మిగతా వేళ తను ఎత్తుకునేవారు. అమ్మ నిద్రపోయింది, నేనూ నిద్రపోయాను.

ఉండి రైతు

చెల్లెమ్మా, నేను చెరువులు చేసుకునే వాణ్ణి. ఆడవాళ్ళు మాట్లాడుకునే చోట రాయవచ్చో లేదోనని రెండు రోజులు ఆగాను. మా ఆవిడ విషయంలో నేను ఆలస్యంగా తెలుసుకున్నది మీ వారికి ముందే తెలియాలని రాస్తున్నాను.

మాకు బాబు పుట్టి ఏడాదిన్నర అయింది. నాలుగో రోజు నుంచి ఆమె ఏడుస్తుంటే, పచ్చి ఒళ్ళు కదా, పాలు పడే రోజుల్లో అందరికీ ఉంటుందని పెద్దవాళ్ళన్నారు. అది నిజమే కావచ్చు, కానీ మూడు వారాలైనా తగ్గలేదు. బిడ్డ నిద్రపోయినా ఆమెకు నిద్ర పట్టేది కాదు. బాబును ఎత్తుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నేను రాత్రిళ్ళు చెరువు దగ్గర ఏరేటర్లు చూసుకుని తెల్లారి వచ్చేవాణ్ణి. ఒకనాడు ఆమె నాతో, బాబుకు నాకంటే మంచి అమ్మను చూడండి అంది. ఆ మాటతో నాకు కాళ్ళు ఆడలేదు. మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళితే, ఆయన పది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చి జవాబులు గుర్తు పెట్టించి, ఇది జబ్బు, నయమవుతుంది అన్నారు. నయమైంది. ఆమె ఈ ఉత్తరం చదివి, రాయమని చెప్పిన తర్వాతే పెడుతున్నాను.

భీమవరం ప్రసూతి వైద్యురాలు

ఉండి రైతు గారూ, మీరు రాసినందుకు, రాయమన్నందుకు మీ శ్రీమతి గారికి చాలా కృతజ్ఞతలు. ఆ పది ప్రశ్నల పట్టికను 1987లో ఎడిన్‌బరోలో తయారు చేశారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. కాన్పయిన మూడో రోజు నుంచి ఐదో రోజు వరకు ఏడుపు రావడం, చిరాకు కలగడం చాలామంది తల్లుల్లో ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే దానిని దిగులు జబ్బుగా భావించి వైద్యం చేయించాలి. మన దేశంలోని అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, నూటికి 22 మంది తల్లులకు ఇది ఉన్నట్టు తేలింది. డాక్టరు దగ్గరకు వెంటనే వెళ్ళలేనివారు 14416కు ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ అయిన టెలీమానస్ వారు తెలుగులో మాట్లాడతారు. బిడ్డకో తనకో హాని చేసుకోవాలన్న మాట వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఒంటరిగా ఉంచకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

మంచి డౌలా ఇక్కడ చేయగలిగిన మేలు ఒకటుంది. ఇంట్లోవాళ్ళు బిడ్డను చూడటానికి వస్తారు. ఆమె తల్లిని చూడటానికి వస్తుంది. రెండో వారంలో ఆ అమ్మాయి ముఖం ఎలా ఉందో, నిద్ర పడుతోందో లేదో గమనించి ఎవరికి చెప్పాలో వారికి చెబుతుంది.

లంక అమ్మాయి

మీరందరూ ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. అమ్మకు ఈ మాటలన్నీ చదివి వినిపించాను. పాలకొల్లు పెద్దమ్మ గారి ఏడు గంటల సంగతి చదివేటప్పుడు అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నేను ఆ తలుపు దగ్గర లేకపోతే ఎవరుంటారే అంది. నా ప్రశ్న కూడా ఇప్పుడు అదే. అమ్మను తర్వాతే పిలిస్తే, కాన్పు గదిలో ఆ ఒక్క చోటు ఎవరికి ఇవ్వాలి? ఇంకొక భయం ఉంది. ఆగస్టులో గోదావరికి వరద వస్తే మా ఊరి దారి మునిగిపోతుంది, పడవే దిక్కు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా వీధిలో నడుం లోతు నీళ్ళున్నాయి.

గౌతమి తీరం

చెల్లీ, ఆ చోటు మీ పెద్దమ్మకే ఇవ్వండి. నన్ను కాకుండా ఆమెను ఎందుకు అంటున్నానో చెబుతాను. ఒక్కరినే రానిచ్చే ఆసుపత్రిలో నేను లోపల ఉంటే, ఆ తర్వాత నెలల తరబడి మీతో ఉండవలసిన మనిషి ఆ రోజు ఏం జరిగిందో తెలియకుండా బయట ఉండిపోతుంది. మన గోదావరి జిల్లాల్లో కువైట్‌లోనో, ఖతార్‌లోనో, మస్కట్‌లోనో తల్లి ఉన్న అమ్మాయిల కాన్పులకు నేను ఎక్కువగా చేస్తున్న పని ఇదే: తోడు వెళ్ళే పిన్నినో, వదిననో, పెద్దమ్మనో ముందుగా తయారు చేయడం. మీ పెద్దమ్మ ఇద్దరిని కన్న మనిషి, ఆమెకు నొప్పులంటే భయం లేదు. ఆసుపత్రి అంటేనే భయం. రెండుసార్లు మీ ఇంటికి వచ్చి నడుము ఎక్కడ అదమాలో, ఎప్పుడు లేపి నడిపించాలో ఆమె చేత చేయించి చూపిస్తాను. ఒకసారి మీ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకువెళ్ళి, సిస్టర్లకు పరిచయం చేసి, గది, మంచం, మరుగుదొడ్డి చూపిస్తాను. బిడ్డను పుట్టగానే తల్లి గుండెల మీద పడుకోబెట్టమని, వీలైతే బొడ్డుతాడును ఒక నిమిషమైనా ఆగి కోయమని, మొదటి గంటలోనే పాలు పట్టించమని ఎలా మర్యాదగా అడగాలో ఆమెకు నేర్పుతాను. నొప్పుల రాత్రి నేను ఆసుపత్రి ఆవరణలోనే ఉంటాను. ఆమె అలసిపోతే సిస్టర్ల అనుమతితో మేమిద్దరం మారతాము.

వరద గురించి మీరే ముందు జాగ్రత్త పడాలి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు ఎగరేస్తారు. మీరు మొదటి హెచ్చరికకే లంక వదిలి రండి, రెండోదాకా ఆగవద్దు. అంతకంటే మంచిది, 37 వారాలు నిండగానే ఆసుపత్రి ఉన్న ఊళ్ళో చుట్టాల ఇంట్లో దిగడం. ఆశా కార్యకర్తకు మీ తేదీ, మీరు దిగిన ఇల్లు తెలిసి ఉండాలి. బిడ్డతో ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంటుంది.

తణుకు సిస్టర్

డాక్టరు గారు తేదీల గురించి చెప్పినది కాదనలేను. అమ్మను కాన్పుకే పిలవమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పెద్దమ్మకు నా తరఫున రెండు మాటలు చెప్పండి. డ్యూటీ మారే వేళ, అంటే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, కొత్తగా వచ్చిన సిస్టరుకు తను ఎవరో, ఆ అమ్మాయికి నొప్పులు ఎప్పటినుంచో ఒక్క ముక్కలో చెబితే, ఆ తర్వాత ఆమెను ఎవరూ బయటకు పొమ్మనరు. కాన్పయిన మొదటి రెండు గంటలు అందరూ బిడ్డ చుట్టూ చేరతారు, ఆమె మాత్రం తల్లి మంచం వదలకూడదు. కింద గుడ్డ గబగబా తడిసిపోతున్నా, అమ్మాయి కళ్ళు తిరుగుతున్నాయన్నా, మొహమాటపడకుండా గట్టిగా కేకేసి సిస్టరును పిలవాలి. ఇంటికి వెళ్ళాక జ్వరం, వాసనతో కూడిన స్రావం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, వీటిలో ఏది కనిపించినా పథ్యంతో నయం చేయాలని చూడకుండా వెంటనే రావాలి.

డాలస్ కోడలు

ఒక్క మాట. అమ్మ వచ్చాక కూడా డౌలా రాకను పూర్తిగా ఆపవద్దు. అమ్మ తిరిగి వెళ్ళే వారం నాకు కాన్పుకంటే కష్టంగా గడిచింది. ఆ వారానికి రెండు మూడు రాకలు మిగిల్చుకోండి.

లంక అమ్మాయి

అందరం మాట్లాడుకుని నిర్ణయించుకున్నాము. జులై మూడో వారంలో నేనూ పెద్దమ్మా అమలాపురంలో మా మేనత్త ఇంటికి వెళ్తాము. కాన్పు గదిలోకి పెద్దమ్మ వస్తుంది. ఆమెను తయారు చేయడానికి గౌతమి తీరం అక్క వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. బిడ్డ పుట్టిన కబురు వెళ్ళాక అమ్మ బయల్దేరుతుంది. ఆమె యజమానురాలు తేదీ ముందే చెప్పకపోయినా టికెట్టు తీస్తానని ఒప్పుకున్నారట. మా వారు పదిహేను రోజుల సెలవును అమ్మ వెళ్ళిపోయే వారం నుంచి పెట్టుకుంటున్నారు, రాత్రిళ్ళు బిడ్డను తను ఎత్తుకుంటానన్నారు. డాలస్ అక్క చెప్పినట్టు ఆ వారానికి రెండు రాకలు మిగిల్చుకున్నాము.

నిన్న రాత్రి పెద్దమ్మ నన్ను గోడకు చేతులు ఆనించి నిలబడమని, నడుము మీద అరచెయ్యి పెట్టి, ఇక్కడేనా, ఇంకొంచెం కిందికా అని అడిగింది. ఆదివారం దాకా కూడా ఆగలేకపోతోంది.

పాలకొల్లు పెద్దమ్మ

సంతోషం తల్లీ. ఇంకొక్క సంగతి. వానలు పట్టాక మంచి తెలగపిండి దొరకదు, దొరికినా ముక్క వాసన వేస్తుంది. ఎండలు ఉండగానే మీ పెద్దమ్మను గానుగ దగ్గరకు పంపి రెండు కిలోలు తెప్పించి, ఎండబెట్టి, మూత గట్టి డబ్బాలో పోసి అమలాపురం పట్టుకెళ్ళమను.